ట్యాంకు మూతలో గాలి దారి మూసుకుపోతే: ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

ముందు మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకచోట పెడతాను. 150 సీసీ కార్బురేటర్ బండి. ఊళ్లో తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి ఎక్కి 70లో పోతుంటే పాతిక కిలోమీటర్లు దాటాక జర్కులు మొదలై, పికప్ పడిపోయి, చివరికి ఆగిపోతోంది. పక్కన పెట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతోంది. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు ఇంకా తొందరగా ఆగుతోంది. ప్లగ్గు మార్చారు, కార్బురేటర్ రెండుసార్లు కడిగించారు, ఫలితం లేదు. తాళంచెవి పోయి, ట్యాంకు మూతతో సహా లాక్ సెట్ మార్పించిన తర్వాతే ఇది మొదలైంది. ఒక మెకానిక్ సీడీఐ (స్పార్కును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చమంటున్నాడు, ఇంకొకాయన ట్యాంకు మూతకు డ్రిల్లుతో చిన్న రంధ్రం పెడితే సరిపోతుందంటున్నాడు. ఏది చేయాలని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మూతకు డ్రిల్లు పెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. మీ బండికి వచ్చింది చాలావరకు మూతలో గాలి దారి సమస్యే అని నా నమ్మకం. అయితే నా మాట మీద డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ఖాళీ సీసాతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ట్యాంకులోంచి పెట్రోల్ ఎంత దిగితే, ఆ చోటులోకి అంత గాలి రావాలి. నూనె డబ్బాకు ఒకవైపే రంధ్రం పెడితే ధార ఆగి ఆగి పడుతుంది, రెండో వైపు ఇంకో రంధ్రం పెట్టాకే సాఫీగా వస్తుంది కదా. బండికి ఆ రెండో రంధ్రం ట్యాంకు మూతలో ఉంటుంది. మూత పైభాగం చూస్తే కనపడదు. తాళం వేసే భాగం చుట్టూ, లోపలి ప్లేటు కింద, మెలికలు తిరుగుతూ పోయే సన్నని దారి అది. చాలా మూతల్లో ఆ దారిలో ఒక చిన్న బంతి గానీ, స్ప్రింగు ఉన్న రబ్బరు వాల్వు గానీ ఉంటుంది. బండి పడిపోయినప్పుడు పెట్రోల్ బయటికి కారకుండా ఆపేది అదే.

కార్బురేటర్ బండిలో పెట్రోల్‌ను తోసే పంపు లేదు. తన బరువుతో తానే దిగాలి. ట్యాంకులోని పెట్రోల్ మట్టానికీ కార్బురేటర్ బౌల్‌కూ (అడుగున పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) మధ్య ఎత్తు మహా అయితే 25, 30 సెంటీమీటర్లు. పెట్రోల్ నీళ్లకంటే తేలిక, లీటరు దాదాపు 740 గ్రాములు. ఆ కాస్త ఎత్తు ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో 2 శాతం మాత్రమే. అంటే ట్యాంకు లోపల పెట్రోల్ పైన ఉన్న గాలి ఒత్తిడి బయటికంటే 2 శాతం పడిపోతే చాలు, ధార ఆగిపోతుంది. అందుకే ఇది అంత చిన్న లోపంతో అంత పెద్ద ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు మీ ఫుల్ ట్యాంక్ సంగతి చూద్దాం. 13 లీటర్ల ట్యాంకు సగం ఉందనుకోండి, పైన ఆరున్నర లీటర్ల గాలి ఉంది. దారి పూర్తిగా మూసుకుపోయినా, ఆ గాలి 2 శాతం సాగేదాకా, అంటే 130 మిల్లీలీటర్ల పెట్రోల్ దిగేదాకా ఇంజను నడుస్తుంది. లీటరుకు 45 ఇచ్చే బండికి అది ఆరు కిలోమీటర్లు. అదే ట్యాంకు నిండుగా ఉండి పైన అర లీటరు గాలే మిగిలితే, 10 మిల్లీలీటర్లు దిగేసరికే ధార నిలిచిపోతుంది. అర కిలోమీటరు కూడా రాదు, ఆ తర్వాత బౌల్లో ఉన్నంతే. పెట్రోల్ ఆవిరి కొంత ఆ లోటును పూడుస్తుంది కాబట్టి రోడ్డు మీద లెక్క ఇంత కచ్చితంగా రాదు. కానీ ట్యాంకు ఎంత నిండితే అంత త్వరగా ఆగడం మాత్రం ఈ లోపానికి గట్టి గుర్తు. సీడీఐకి ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉందన్నదానితో సంబంధం లేదు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే.

మీ బండి పాతిక కిలోమీటర్లు పోతోంది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు, సన్నబడింది. ఊళ్లో 35లో తిరిగే బండి నిమిషానికి 12 మిల్లీలీటర్ల పెట్రోల్ తాగుతుంది. హైవే మీద 70లో అదే బండికి 28 దాకా కావాలి. సన్నబడిన దారి 12కు సరిపడా గాలిని ఇస్తుంది, 28కి ఇవ్వలేదు. లోటు కొద్దికొద్దిగా పెరిగి ఒకచోట ధార సన్నగిల్లుతుంది. మీరు పక్కన ఆపిన పది నిమిషాల్లో అదే సన్నని దారిగుండా గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, బౌల్ నిండుతుంది, బండి లేస్తుంది. స్పార్కు ఇచ్చే కాయిల్ గానీ సీడీఐ గానీ వేడెక్కి ఆగితే, చల్లబడడానికి కూడా ఇంచుమించు అంతే సమయం పడుతుంది. అందుకే సీడీఐ అన్న మెకానిక్‌ను నేను తప్పుపట్టను, ఆయన అనుమానానికి ఆధారం ఉంది. కాకపోతే కరెంటు లోపంలో బండి సాధారణంగా స్విచ్ తీసేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోల్ అందనప్పుడు ముందు పికప్ పోతుంది, తర్వాత జర్కులు, ఆ తర్వాత ఆగడం. జర్కులు మొదలవగానే చోక్ లాగితే కాసేపు పుంజుకుంటే, అది పెట్రోల్ తక్కువవుతోందన్న మాటే.

ఏదైనా విప్పే ముందు ట్యాంకు పైన ఏముందో చూడండి. రెక్సిన్ ట్యాంకు కవరు మూతను పూర్తిగా కప్పుతోందా? ట్యాంకు బ్యాగు దాని మీద కూర్చుంటోందా? వానాకాలంలో మూతకు పాలిథిన్ చుట్టారా? వాటిని తీసేసి అదే రోడ్డు మీద ఒకసారి నడిపి చూడండి. కొన్ని బళ్లకు వైద్యం అక్కడితో అయిపోతుంది.

తర్వాత మూత తెరిచి చూసే పరీక్ష. దీన్ని అందరూ చేస్తారు, సగం మంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బండి ఆగినప్పుడు మూత తెరిస్తే ఉస్సుమని శబ్దం వస్తే అది గాలి సమస్యే అంటారు. ఎండలో నిలబెట్టిన బండి మూత తెరిచినా ఉస్సుమంటుంది, అక్కడ ఆవిరి బయటికి వస్తోంది. కొంత ఒత్తిడి ఉండటం మామూలే. మనకు కావాల్సింది గాలి లోపలికి పోతోందా, బయటికి వస్తోందా అన్నది. సన్నటి టిష్యూ కాగితం ముక్కను మూత అంచు దగ్గర పట్టుకుని తాళం తిప్పండి. కాగితం లోపలికి లాగినట్టయితే ట్యాంకులో గాలి లోటు ఉంది. బయటికి ఎగిరి, గుప్పుమని పెట్రోల్ వాసన వస్తే అది ఆవిరి ఒత్తిడి. మూత పైకి లేవకుండా పట్టేసినట్టు ఉండటం కూడా లోటుకే గుర్తు.

ఇక అసలు పరీక్ష. ఇల్లు, పొయ్యి, అగరుబత్తి, మోటారు స్విచ్చు ఏదీ దగ్గర లేని ఆరుబయట చేయండి. సెల్లారులో, మూసిన షెడ్డులో వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. ఇంజను పూర్తిగా చల్లబడాలి. కార్బురేటర్‌కు వెళ్లే పైపును కార్బురేటర్ వైపున విడదీసి, లీటరు సీసాలో పెట్టి, మూత తాళం వేసి ఉంచి, పెట్రోల్ ట్యాపు తెరవండి. గాలి దారి బాగుంటే ధార మొదట ఎంత లావుగా ఉందో సీసా నిండేదాకా ఇంచుమించు అంతే ఉంటుంది. మూసుకుపోయి ఉంటే మొదట బాగా వచ్చి, సన్నబడి, చుక్కలు చుక్కలుగా మారి నిలిచిపోతుంది. అప్పుడు మూత తెరవండి. ధార వెంటనే పుంజుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు, దోషం మూతదే. మూత తెరిచినా సన్నగానే వస్తుంటే దోషం కిందే ఉంది: ట్యాపు లోపలి జల్లెడలోనో, మధ్యలో పెట్టిన ఫిల్టర్లోనో, నలిగిన పైపులోనో.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. దీన్ని ట్యాంకు ఫుల్లుగా ఉన్నప్పుడే చేయాలి. ట్యాంకు విప్పాలి కదా, బరువు ఎందుకని చాలామంది పెట్రోల్ అంతా తీసేసి, అడుగున ఉన్న రెండు లీటర్లతో చూస్తారు. అప్పుడు పైన పదకొండు లీటర్ల గాలి ఉంటుంది. దారి పూర్తిగా మూసుకుపోయినా పావు లీటరు దాకా హాయిగా కారుతుంది. కాసేపు చూసి, ధార బానే ఉంది, మూత మంచిదే అనేస్తారు. ఆ తర్వాతే అనవసరంగా కార్బురేటర్ కిట్లు, సీడీఐలు మారతాయి. ఫుల్ ట్యాంకుతో అయితే ఒక టీ కప్పు నిండకముందే తేలిపోతుంది. ఉదయం చల్లపూట చేస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నం ఎండలో ఆవిరి లోపలినుంచి తోస్తూ లోపాన్ని దాచేస్తుంది.

సీసాలోకి తీసిన పెట్రోల్‌ను పరీక్ష అవగానే తిరిగి ట్యాంకులో పోసేయండి. నీళ్ల సీసాలో పెట్రోల్ ఉంచి పక్కన పెట్టడం పిల్లలున్న ఇంట్లో చాలా ప్రమాదం. దాహంతో వచ్చినవాళ్లు చూడకుండా తాగేస్తారు. ఇంకో సంగతి: కొన్ని బళ్లకు, కార్బురేటర్ కాలం నాటి చాలా స్కూటర్లకు, ట్యాపు ఇంజను పీల్పుతో తెరుచుకుంటుంది. వాటిలో పైపు విడదీసినంత మాత్రాన ధార రాదు. అది చూసి మూత చెడిపోయిందనుకోకండి.

పరీక్షలో మూతదే దోషమని తేలితే, విప్పి శుభ్రం చేయడం మీరే చేసుకోవచ్చు. మడత మూత (కీలు మీద పైకి లేచే రకం) అయితే చుట్టూ కనిపించే బోల్టుల్లో కొన్ని అందానికి పెట్టినవే, తిప్పినా రావు. అసలైనవి మూడో నాలుగో ఉంటాయి, ఒకటి మూత తెరిస్తేనే కనపడుతుంది. వాటిని విప్పే ముందు పెద్ద గుడ్డను ట్యాంకు నోట్లో కుక్కండి, దాని కొస బయటికి వేలాడేలా ఉంచండి. బోల్టు ట్యాంకులో పడితే పని పదింతలవుతుంది. విప్పాక మూత, దాని చుట్టూ ఉన్న రింగు కలిసి బయటికి వస్తాయి. లోపలి ప్లేటును పట్టుకున్న చిన్న స్క్రూలు తీసేటప్పుడు తెల్లటి బట్ట పరిచి దాని మీద చేయండి, ఎందుకంటే లోపల స్ప్రింగులు, చిన్న బంతి ఉండొచ్చు. ప్రతి దశకూ ఫోన్లో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు. ప్లేటు స్క్రూలు లేకుండా నొక్కి బిగించిన రకమైతే బలవంతంగా ఊడదీయకండి, బయటి నుంచే శుభ్రం చేయండి.

లోపల మామూలుగా కనిపించేవి ఇవీ: ఎండిపోయిన పెట్రోల్ జిగురు, తుప్పు పొడి, అల్యూమినియం మీద పేరుకున్న తెల్లటి పొర, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్‌తో చొచ్చుకుపోయిన బురద, పాలిష్ పేస్టు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాడకుండా ఉంచిన బళ్లలో ఆ తెల్లపొర, తుప్పు కొంచెం ఎక్కువగా చూస్తున్నాం. రబ్బరు భాగాలన్నీ ముందు తీసేసి పక్కన పెట్టి, లోహపు భాగాలను కిరోసిన్‌తో గానీ కార్బురేటర్ క్లీనర్‌తో గానీ నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కార్బురేటర్ క్లీనర్ రబ్బరు మీద పడకూడదు, ఉబ్బిపోతుంది. సన్నని దారిలోకి క్లచ్ వైరు లోంచి తీసిన ఒక్క పోగును పంపి ముందుకూ వెనక్కూ ఆడించండి. గుచ్చి రంధ్రం పెద్దది చేయాలని చూడకండి. టైర్ల షాపులో కంప్రెసర్ గాలి కొట్టిస్తే తొందరగా అవుతుందని చాలామందికి అనిపిస్తుంది. అంత ఒత్తిడికి లోపలి రబ్బరు వాల్వు చిరిగిపోవచ్చు. సైకిలు పంపు చాలు.

శుభ్రం చేశాక ఎటు నుంచి ఊదుతున్నారో గుర్తుపెట్టుకోండి. చాలా మూతలు బయటి గాలిని లోపలికి సులువుగా వదులుతాయి, లోపలి ఆవిరిని మాత్రం కొంత ఒత్తిడి పెరిగాకే బయటికి వదులుతాయి. కాబట్టి లోపలి వైపు నుంచి పంపు కొట్టి, గాలి పోవడం లేదు, ఇంకా మూసుకునే ఉంది అనుకుంటే పొరపాటు. బయటి వైపు నుంచి లోపలికి గాలి ధారాళంగా పోవాలి. మనకు కావాల్సింది అది. నోటితో ఊదొద్దు, పెట్రోల్ ఆవిరి, తుప్పు పొడి గొంతులోకి పోతాయి.

మీ బండి విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది మూత కింద ఉండే రబ్బరు రింగునూ (గాస్కెట్), కొత్త మూతనూ. లాక్ సెట్ మార్చాకే సమస్య మొదలైందని మీరే అన్నారు. బయట దొరికే లాక్ సెట్ల మూతల్లో కొన్నింటికి గాలి దారి సరిగ్గా ఉండదు. పోత పోసినప్పుడు మిగిలిన లోహపు ముక్క అలాగే అడ్డంగా ఉండిపోతుంది, లేదా రంధ్రం ఉన్నా దాని మీద గాస్కెట్ పూర్తిగా కూర్చుంటుంది. కొన్ని గాస్కెట్లకు ఒకచోట చిన్న గాడి గానీ రంధ్రం గానీ ఉంటుంది, అది మూతలోని రంధ్రానికి ఎదురుగా రావాలి. తిప్పి పెట్టినా, బోర్లా పెట్టినా దారి మూసుకుపోతుంది, పైకి మాత్రం ఏమీ తేడా కనపడదు. మీ పాత మూత ఇంకా ఉంటే రెండిటినీ బోర్లా పెట్టి పక్కపక్కనే చూడండి. తేడా కంటికే కనపడే అవకాశం ఎక్కువ. పాత మూతనే ఉంచుకుని, లాక్ సిలిండర్ ఒక్కటే కొత్త తాళంచెవికి సరిపోయేలా మార్చగల తాళాల పనివాళ్లు ఉంటారు. అడిగి చూడండి, అది కుదిరితే అన్నిటికంటే మంచిది.

గాస్కెట్ దొరకలేదని టైరు ట్యూబు ముక్క కత్తిరించి వేయడం మన దగ్గర బాగా అలవాటు. దయచేసి అది చేయకండి, చేసి ఉంటే తీసేయండి. ట్యూబు రబ్బరు పెట్రోల్‌కు తట్టుకోదు. కొన్నాళ్లలో ఉబ్బి, మెత్తబడి, సరిగ్గా ఆ గాలి రంధ్రంలోకే చొచ్చుకుపోతుంది. ఊడిన ముక్కలు ట్యాంకులో పడి ట్యాపు జల్లెడకు అడ్డం పడతాయి. పెట్రోల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరుతో చేసిన గాస్కెట్ మీ బండి మోడల్‌దే కొనండి. షోరూమ్ కౌంటర్లో విడిగా ఇవ్వకపోతే మూత మొత్తం కొనాల్సి రావచ్చు, అయినా సీడీఐ కంటే అది అర్థమున్న ఖర్చు. గాస్కెట్ చుట్టూ గ్రీజు, సీలెంట్ పూయడం కూడా వద్దు.

డ్రిల్లు గురించి. రంధ్రం పెడితే బండి ఆగడం మానేస్తుంది, అందులో అబద్ధం లేదు. అందుకే ఆ సలహా ఇంకా బతికి ఉంది. కానీ ఆ రంధ్రానికి వాల్వు లేదు, బంతి లేదు, మెలికలు లేవు. ఫుల్ ట్యాంకుతో గట్టిగా బ్రేకు కొడితే పెట్రోల్ ఎగిరి రంధ్రంలోంచి బయటికి వస్తుంది. అది మీ ప్యాంటు మీదో, కింద ఉన్న వేడి ఇంజను మీదో పడుతుంది. బండి పడిపోయిందంటే అప్పటిదాకా ఆపే వాల్వును దాటుకుని ధారగా కారుతూనే ఉంటుంది. కింద ఇరుక్కున్న మనిషికి అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. వానలో అదే రంధ్రంలోంచి నీళ్లు దిగుతాయి. ఇథనాల్ ఉన్న పెట్రోల్‌లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి, ట్యాపు మొదట లాగేది ఆ అడుగుదాన్నే. ఒక సమస్యను పోగొట్టి అంతకంటే పెద్దవి తెచ్చుకోవడం ఎందుకు?

మూత విప్పినప్పుడే ట్యాంకు నోటి చుట్టూ ఉన్న నీటి గొట్టాన్ని కూడా చూసుకోండి. మడత మూత కింద చుట్టూ చిన్న గాడిలా ఉంటుంది, అక్కడ చేరిన వాన నీళ్లు ఒక రంధ్రంలోంచి ట్యాంకు లోపలి సన్నని గొట్టం గుండా, ఆ తర్వాత రబ్బరు పైపు గుండా బండి కిందికి పోవాలి. చాలామంది దీన్నే గాలి గొట్టం అనుకుంటారు. కొన్ని మోడళ్లలో గాలి దారి కూడా ఆ గాడిలోకే తెరుచుకుంటుంది, అలాంటి బండిలో గాడి నీళ్లతో నిండితే గాలి దారీ మునిగిపోతుంది, నీళ్లు ట్యాంకులోకి పీల్చుకునే ప్రమాదమూ ఉంది. నైలాన్ తీగను పై నుంచి పంపి చూడండి. కింద పైపు కొస దగ్గర కందిరీగ మట్టి గూడు కట్టి ఉండటం నేను తరచుగా చూస్తాను, ముఖ్యంగా గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవాళ్లు ఇంటి దగ్గర ఏళ్లతరబడి కవరు కప్పి ఉంచిన బళ్లలో. బిగించాక, మూత వేసి, గాడిలో చెంచాడు నీళ్లు పోస్తే అవి కింద నేల మీద పడాలి.

వానలో మాత్రమే, లేదా ఘాట్ రోడ్డు మీద మాత్రమే ఆగే బళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అవి మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి మామూలుగా నడుస్తాయి. ఎండలో కాలిన ట్యాంకు మీద ఒక్కసారిగా జడివాన పడితే లోపలి గాలి, ఆవిరి చల్లబడి ముడుచుకుంటాయి. గాలి 10 డిగ్రీలు చల్లబడితేనే ఒత్తిడి 3 శాతం పడుతుంది, మనకు ధార ఆగడానికి 2 శాతమే చాలు. అందరూ ప్లగ్గు క్యాపులో నీళ్లు చేరాయని అనుకుంటారు, అది కూడా జరుగుతుంది, కానీ అప్పుడొకసారి ట్యాంకు మూత తెరిచి చూడండి. ఘాట్ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి విశాఖ వైపు దిగేసరికి బయటి గాలి ఒత్తిడి 10 శాతం దాకా పెరుగుతుంది. పైన అరకులో మూసిన ట్యాంకులో ఆ పలచటి గాలే ఉండిపోతే, దిగుతున్న కొద్దీ తేడా పెరిగి ధార నిలిచిపోతుంది. యాక్సిలరేటర్ పెద్దగా ఇవ్వకుండా దిగుతున్నా బండి ఆగుతుంది. ఎక్కేటప్పుడు దానికి ఎదురు, లోపలి ఒత్తిడి ఎక్కువై కార్బురేటర్ పొంగి పెట్రోల్ వాసన వస్తుంది. ఎక్కేటప్పుడు వాసన, దిగేటప్పుడు ఆగడం అని ఎవరైనా చెబితే కార్బురేటర్ జోలికి పోకుండా నేరుగా మూత దగ్గరికి వెళ్లండి.

నిండా పోయించే అలవాటు కూడా ఈ సమస్యను పెంచుతుంది. ఎండాకాలంలో ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలుతుందని తిరిగే మాట వట్టి వదంతి. కానీ ట్యాంకు నోటి అంచు దాకా పోయించడం మంచిది కాదు. బంకు భూగర్భ ట్యాంకులోంచి చల్లగా వచ్చిన పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే 2 శాతం పైగా ఉబ్బుతుంది. 13 లీటర్లకు అది పావు లీటరు కంటే ఎక్కువ. చోటు లేకపోతే గాలి దారి గుండానే బయటికి వస్తుంది, ఎండిపోయి అక్కడే జిగురుగా మిగులుతుంది. ట్యాంకు నోటి నుంచి లోపలికి దిగే గొట్టం కింది అంచు ఎక్కడ ఉందో అక్కడితో ఆపమనండి.

కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లకు కథ కొంచెం వేరు. ట్యాంకులో పంపు ఉంటుంది, అది చాలా ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది కాబట్టి 2 శాతం లోటుకు ఆగదు. లోటు ఎక్కువైతే పంపు కూత పెరుగుతుంది, హైస్పీడులో పవర్ తగ్గుతుంది, మూత తెరవడం కష్టమవుతుంది, మరీ ముదిరితే ట్యాంకు రేకు లోపలికి సొట్టపోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో ట్యాంకు ఆవిరిని నేరుగా గాలిలోకి వదలరు. పైపు గుండా బొగ్గు ఉన్న చిన్న డబ్బాలోకి, అక్కడి నుంచి ఇంజనులోకి పంపుతారు. అందుకని ఆ బళ్లలో మూతతో పాటు పైపులు కూడా చూడాలి. సర్వీసింగ్‌లో ట్యాంకు తీసి పెట్టినప్పుడు సన్నని పైపు ట్యాంకు కింద నలిగిపోవడం మొదటి అనుమానం. అంచు దాకా పెట్రోల్ పోయిస్తే అది ద్రవంగానే ఆ డబ్బాలోకి చేరి బొగ్గును తడిపేయడం రెండోది. పెట్రోల్ పోయించిన వెంటనే స్టార్ట్ కాకుండా మొరాయిస్తే ఇదే అనుకోవచ్చు. ఆ పైపులను పీకేసి ఖాళీగా వదిలేయమని చెప్పేవాళ్లున్నారు, వినకండి. నలిగింది సరిచేసి, తడిసి పాడైన డబ్బాను మార్చడమే సరైన దారి.

సమస్య సరిచేసుకునేలోపు మీరు కరీంనగర్, హైదరాబాద్ మధ్య తిరగక తప్పకపోతే, ఫుల్ ట్యాంక్ కొట్టించకండి. సగం లోపు ఉంచండి, పైన గాలి ఎంత ఎక్కువ ఉంటే అంత దూరం లాగుతుంది. 50 దాటకండి. పది పన్నెండు కిలోమీటర్లకోసారి రోడ్డు నుంచి బాగా పక్కకు దిగి, ఇంజను ఆపి, మూత ఒకసారి తెరిచి మూయండి. మూత వదులుగా పెట్టుకుని నడపడం మాత్రం వద్దు. సిద్దిపేట, గజ్వేల్ దగ్గర ఆగే లారీల మధ్య బండి జర్కులు కొడితే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. జర్కు రాగానే ఇండికేటర్ వేసి ఎడమకు దిగిపోండి, కాస్త లాగుతుందేమో అని యాక్సిలరేటర్ ఇస్తూ పోవద్దు.

ఒకవేళ ఫుల్ ట్యాంకుతో చేసిన సీసా పరీక్షలో ధార చివరిదాకా తగ్గకుండా వచ్చిందనుకోండి, అప్పుడు మూతను వదిలేయండి, నా అనుమానం తప్పని తేలినట్టే. ఈసారి బండి రోడ్డు మీద ఆగగానే ఇంజను కాస్త చల్లబడనిచ్చి, కార్బురేటర్ బౌల్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూను వదులు చేసి, పెట్రోల్‌ను చిన్న సీసాలోకి వదలండి. బౌల్ నిండా పెట్రోల్ ఉండి కూడా బండి లేవడం లేదంటే అప్పుడు స్పార్కు వైపు చూడాలి. ఆగిన ఆ నిమిషంలోనే స్పార్కు ఉందో లేదో చూడాలి, పది నిమిషాల తర్వాత చూస్తే ఏమీ తేలదు. అది చూసేముందు ఆ సీసాను బండికి దూరంగా పెట్టి, డ్రెయిన్ స్క్రూ బిగించి, కారిన చుక్కలు తుడిచి ఆరనివ్వండి. స్పార్కు లేకపోతే పల్సర్ కాయిల్ (స్పార్కు ఎప్పుడు పడాలో సంకేతం ఇచ్చేది), ఇగ్నిషన్ కాయిల్, సీడీఐ ఈ వరుసలో, తెలిసినవాళ్ల మంచి భాగాన్ని తాత్కాలికంగా పెట్టి చూసి, తేడా కనిపించాకే కొత్తది కొనండి.